మూత్రపిండం బొమ్మ: ఇటలీ నుంచి ఉద్దానం దాకా



ఈవేళ ఒక బొమ్మ కథ చెప్తాను. రేడియోలో బొమ్మ చూపించడం కుదరదు కాబట్టి మీ ఒంటినే ఆధారం చేసుకుందాం. రెండు చేతులూ వెనక్కి తిప్పి, నడుముకి కొంచెం పైన, పక్కటెముకలు ముగిసేచోట అరచేతులు ఆనించండి. ఆ చేతుల కింద, వెన్నెముకకి అటొకటి ఇటొకటి మూత్రపిండాలున్నాయి. శ్రీకాకుళం జిల్లాలో మా పూండి వైపు చిన్నపిల్లలకి కూడా కిడ్నీ అన్న మాట తెలుసు. నేనూ ఆ మాటే వాడతాను. పెద్దవాళ్ళలో ఒక్కో కిడ్నీ 10 నుంచి 12 సెంటీమీటర్ల పొడవు, సుమారు 150 గ్రాముల బరువు ఉంటుంది. ఆకారం అచ్చం మన జీడిపిక్కదే. పిక్కకున్న నొక్కు లాంటిది దీనికీ ఉంటుంది, అది వెన్నెముక వైపు తిరిగి ఉంటుంది. నెత్తురు తెచ్చే ధమని, తిరిగి తీసుకుపోయే సిర, మూత్రాన్ని కిందికి దింపే నాళం, మూడూ ఆ నొక్కు దగ్గరే కిడ్నీని కలుస్తాయి.

రెండు కిడ్నీలూ ఒకే ఎత్తులో ఉండవు. కుడివైపు పైన పెద్దగా కాలేయం కూర్చుని ఉంటుంది. అందువల్ల కుడి కిడ్నీ ఎడమదానికంటే కాస్త దిగువన ఉంటుంది. ఇవాళ ఇది బడిపిల్లల పాఠం. ఒకప్పుడు మాత్రం యూరప్ వైద్యగ్రంథాలు దీన్ని తిరగేసి చెప్పాయి. కుడి కిడ్నీయే ఎత్తులో ఉందన్నాయి. దాదాపు 1400 ఏళ్ళు ఆ మాటే చెల్లింది. దాన్ని దిద్దినవాటిలో ముఖ్యమైనది ఒక రాగిరేకు మీద చెక్కిన బొమ్మ.

ఆ పొరపాటు ఎక్కడిదో చూద్దాం. రెండో శతాబ్దంలో రోము నగరంలో గేలెన్ అనే గొప్ప వైద్యుడుండేవాడు. ఆ కాలంలో అక్కడ మనిషి దేహాన్ని కోసి చూడటానికి వీల్లేదు. కోతుల్నీ పందుల్నీ ఇతర జంతువుల్నీ కోసి చూసి, మనిషి ఒళ్ళూ ఇలాగే ఉంటుందనుకుని ఆయన రాశాడు. ఎన్నో జంతువుల్లో కుడి కిడ్నీయే ముందుకు, అంటే పైకి ఉంటుంది. గేలెన్ తెలివికి అందరూ మొక్కారు. ఆయన రాసింది ఆయన తరవాత శాసనమైపోయింది. మధ్యయుగాల్లో విశ్వవిద్యాలయాల్లో శవాన్ని కోయడం మొదలయ్యాక కూడా ఆచార్యుడు ఎత్తు పీట మీద కూర్చుని గేలెన్ గ్రంథం చదివేవాడు. కింద మంగలి కోసేవాడు. చదివేవాడు చూడడు, కోసేవాడు చదవడు. పుస్తకంలో ఉన్నదొకటి, బల్లమీద ఉన్నదొకటి అయినా అడిగేవాడు లేడు.

ఈ పరిస్థితిని మార్చినవాళ్ళలో చిత్రకారులు ముందున్నారు. 15, 16 శతాబ్దాల్లో ఇటలీలో మనిషి రూపాన్ని ఉన్నదున్నట్టు గీయాలన్న తపన పుట్టింది. భుజం ఎత్తితే ఏ కండ ఉబ్బుతుంది, మోకాలు వంచితే ఏ నరం బిగుస్తుంది అన్నది చర్మం పైనుంచి చూస్తే తెలియదు. అందుకే చిత్రకారులు శవాల దగ్గరికి వెళ్ళారు. ఫ్లారెన్స్ నగరంలో చిత్రకారులకీ వైద్యులకీ మందులమ్మేవాళ్ళకీ ఒకటే వృత్తిసంఘం ఉండేది. రంగులు కూడా మందుల దుకాణంలోనే దొరికేవి. కళ ఒక వీధిలో, శాస్త్రం ఇంకో వీధిలో కాపురం ఉండటం అప్పటికింకా మొదలవలేదు.

ఆ ఫ్లారెన్స్‌లోనే, 1507–08 చలికాలంలో, శాంటా మరియా నువోవా ఆసుపత్రిలో లియొనార్డో డావిన్చీ ఒక ముసలాయనతో మాట్లాడాడు. తనకి వందేళ్ళు దాటాయనీ, నీరసం తప్ప ఒంట్లో ఏ బాధా లేదనీ ఆయన చెప్పాడు. కాసేపటికే, మంచం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ప్రాణం వదిలాడు. అంత సునాయాసమైన చావుకి కారణమేమిటో తెలుసుకోవాలని లియొనార్డో ఆ దేహాన్ని కోసి చూశాడు. గుండెకి నెత్తురు తీసుకెళ్ళే నాళం కుంచించుకుపోయి ఎండి ఉందని రాసిపెట్టాడు. ఆ ముసలాయన పేరు మనకి తెలియదు. ముసలితనంలో రక్తనాళాలు ఎలా మారతాయో తెలిపిన తొలి వర్ణనల్లో ఒకటి ఆయన ఒంటిలోంచే వచ్చింది.

లియొనార్డో తన జీవితంలో 30కి పైగా దేహాల్ని కోసి చూశానని చెప్పుకున్నాడు. సిరల తీరు పూర్తిగా పట్టుకోవడానికే పదికి పైగా దేహాలు కావలసివచ్చాయని రాసుకున్నాడు. ఎందుకన్ని? కోసిన దేహంలో ఏదీ పుస్తకంలో ఉన్నట్టు విడివిడిగా కనిపించదు. నెత్తురు, కొవ్వు, పొరలు అన్నీ కలిసి ఒకే తడి ముద్దగా ఉంటాయి. రెండు మూడు రోజులకి చెడిపోతుంది, ఆ పనులు చలికాలంలో చేసుకోవడానికి కారణం అదే. చిత్రకారుడు ఒక దేహంలో సిర మొదలు చూస్తాడు, మరో దేహంలో దాని మలుపు చూస్తాడు, ఇంకో దేహంలో అది చేరే చోటు చూస్తాడు. చూసినవన్నీ ఒక్క కాగితం మీదికి తెస్తాడు. ఏ గీత ఉంచాలో, ఏది వదలాలో నిర్ణయిస్తాడు. వెలుగునీడలతో లోతు చూపిస్తాడు. ముందునుంచి, పక్కనుంచి, వెనకనుంచి గీస్తాడు. అవయవాన్ని నిలువుగా కోసి లోపల ఏముందో పక్కన వేస్తాడు. అందుకే ఆ బొమ్మ ఏ ఒక్క మనిషి ఒంటికీ నకలు కాదు. ఎన్నో దేహాల మీద చేసిన పరిశోధనకి అది ముగింపు వాక్యం. చెయ్యి కళాకారుడిదే, పని శాస్త్రజ్ఞుడిది.

ఇంత చేసిన లియొనార్డో ఆ బొమ్మల్ని అచ్చు వేయించలేదు. శరీర నిర్మాణం మీద గ్రంథం రాయాలనుకున్నాడు. ఆయనతో కలిసి పనిచేసిన యువవైద్యుడు మార్కాంటోనియో డెల్లా టోర్రె 1511లో చనిపోయాడు. 1519లో లియొనార్డో కూడా వెళ్ళిపోయాడు. కాగితాలు చేతులు మారి చివరికి ఇంగ్లండ్ రాజవంశపు భాండాగారానికి చేరాయి. అవి అచ్చులో సరిగ్గా వెలుగు చూసింది 19వ శతాబ్దం చివర్లో. అన్ని తరాల వైద్యులు ఆ బొమ్మలు చూడకుండానే వైద్యం చేశారు. ఇది గుర్తుపెట్టుకోండి, నేను చెప్పదలచుకున్న మాటకి ఇదే మొదటి మెట్టు.

రెండో మెట్టు ఆండ్రియాస్ వెసేలియస్. బ్రస్సెల్స్‌లో పుట్టి, 1537లో ఇటలీలోని పాడువాలో ఆచార్యుడయ్యాడు. ఎత్తు పీట దిగివచ్చి తన చేత్తో తానే కోశాడు. 1543లో, 28 ఏళ్ళ వయసులో, మానవ దేహ నిర్మాణం మీద పెద్ద గ్రంథం అచ్చు వేయించాడు. వెనిస్‌లో చెక్క అచ్చులు చెక్కించి, ఆల్ప్స్ కొండలు దాటించి, స్విట్జర్లాండ్‌లోని బాసెల్ పట్టణానికి చేర్చి, ఒపోరినస్ అనే ముద్రాపకుడి చేత వేయించాడు. కండరాల మనుషులు కొండల ముందు, పల్లెల ముందు నిలబడి ఉన్న ఆ బొమ్మలు ఈనాటికీ వైద్యవిద్యార్థుల్ని ఆగి చూసేలా చేస్తాయి. గేలెన్ చెప్పినట్టు మనిషి కిందిదవడ రెండు ఎముకలు కాదనీ, ఒకటేననీ వెసేలియస్ చూపించాడు. ఇలాంటివి రెండు వందల పైచిలుకు దిద్దాడు. అదే ఏడాది విద్యార్థుల కోసం చిన్న పుస్తకం కూడా తెచ్చాడు. దానిలో కొన్ని బొమ్మలు కత్తిరించి, ఒకదాని మీద ఒకటి అతికించి, పొరలు పొరలుగా దేహాన్ని తయారుచేసుకునేలా ఉంటాయి. ఆ చిన్న పుస్తకం పండితుల లాటిన్‌లోనే ఆగిపోలేదు. అదే 1543లో జర్మన్ భాషలోనూ వచ్చింది.

అంతటి వెసేలియస్ కూడా కిడ్నీ దగ్గర గేలెన్ దారిలోనే నడిచాడు. ఆయన గ్రంథంలో కుడి కిడ్నీ పైకే ఉంది. మనిషి కిడ్నీ చుట్టూ కొవ్వు ఎక్కువ, కోసి చూపించడం కష్టం. అందుకని లోపలి నిర్మాణానికి కుక్క కిడ్నీని ఆధారం చేసుకున్నాడు. మన బడుల్లో విసర్జన పాఠం చెప్పేటప్పుడు మాంసం దుకాణం నుంచి మేక కిడ్నీ తెప్పించి నిలువుగా కోసి చూపిస్తాం. పిల్లలకి అది మంచి పాఠమే. కాకపోతే మేకలో చూసినదంతా మనిషికి అంటగట్టకూడదని చెప్పడం కూడా పాఠంలో భాగమే.

ఆ మాట గట్టిగా అన్నవాడు రోములోని వైద్యుడు బార్తొలొమియో యూస్టాకి. మనిషి గురించి రాస్తూ కుక్క కిడ్నీ చూపించడమేమిటని వెసేలియస్‌ని తప్పుపట్టాడు. తన బంధువైన చిత్రకారుడు పియెర్ మత్తేయో పీనితో కలిసి 1552 నాటికి 47 రాగిరేకుల మీద దేహాన్ని చెక్కించాడు. వాటిలో కుడి కిడ్నీ ఎడమదానికంటే దిగువన, ఉండవలసిన చోట ఉంది. కిడ్నీల నెత్తిన టోపీల్లా కూర్చుండే అధివృక్క గ్రంథుల్ని మొదట వర్ణించింది కూడా ఆయనే. ఆ బొమ్మల చట్రం మూడు అంచుల మీద కొలబద్ద గీతలుంటాయి. బొమ్మ మీద అక్షరాలు రాసి పాడుచెయ్యకుండా, ఫలానా అంకె నుంచి అడ్డంగా, ఫలానా అంకె నుంచి నిలువుగా చూడమంటే చాలు, వెతికే చోటు దొరుకుతుంది. కిడ్నీ మీద ఆయన రాసినది 1563లో వచ్చింది, మరుసటి ఏడు 8 రేకులు అచ్చయ్యాయి. మిగిలిన 39 రేకులు ఒక ఇంట్లో మరుగునపడ్డాయి. పోప్ పదకొండో క్లెమెంట్ వాటిని కొని తన వైద్యుడు లాన్సీసికి ఇచ్చాక 1714లో వెలుగు చూశాయి. యూస్టాకి అప్పటికి చనిపోయి 140 ఏళ్ళయింది.

బయటి రూపం కుదిరాక బొమ్మ లోపలికి వెళ్ళింది. అంతవరకూ కిడ్నీ అంటే గట్టి మాంసపు ముద్ద అనుకునేవారు. 1662లో లొరెంజో బెల్లీని, అప్పటికి 19 ఏళ్ళవాడు, అది సన్నటి గొట్టాల మోపు అని చూపించాడు. 1666లో మార్చెల్లో మాల్పీగి రక్తనాళంలోకి నల్లటి ద్రవం ఎక్కించి, సూక్ష్మదర్శినిలో చిన్న చిన్న ఉండల్లాంటి రక్తనాళాల గుత్తుల్ని చూశాడు. గొట్టాలు ఒకరు చూశారు, గుత్తులు ఒకరు చూశారు. ఆ రెండూ ఎలా కలుస్తాయో తేలడానికి 1842 దాకా ఆగవలసివచ్చింది. లండన్‌లో విలియమ్ బౌమన్, పాతికేళ్ళ కుర్రవాడు, ఆ కలయికను చూసి బొమ్మ గీశాడు. బడిపుస్తకంలో పిల్లలు గీసే బౌమన్ గుళిక అదే. ఇవాళ మనకి తెలుసు: ఒక్కో కిడ్నీలో ఇలాంటి వడపోత ప్రమాణాలు సుమారు 10 లక్షలు. రెండు కిడ్నీలూ కలిసి రోజుకి 180 లీటర్ల ద్రవాన్ని వడపోసి, దాదాపు అంతా నెత్తురుకి తిరిగి ఇచ్చి, ఒకటిన్నర లీటరు మాత్రం మూత్రంగా పంపిస్తాయి. ఆ తిరిగి ఇచ్చే పని బెల్లీని చూసిన గొట్టాలదే.

చూసి గీసే ఈ పద్ధతి మన తీరానికీ వచ్చింది. 1780ల్లో విశాఖపట్నంలో పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు, ఈస్టిండియా కంపెనీ తరఫున ప్రకృతి పరిశీలకుడిగా పనిచేశాడు. ఈ తీరంలో దొరికిన పాముల్ని, చేపల్ని పోగుచేసి బొమ్మలు గీయించాడు. చేపల బొమ్మలు గీసింది మన దేశపు చిత్రకారుడే. ఇక్కడి జనం నోట విన్న తెలుగు పేర్లనే రస్సెల్ రాసుకున్నాడు. పాముల గ్రంథం 1796లో, విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల గ్రంథం 1803లో లండన్‌లో వచ్చాయి. ఆ పాముల్లో ఒకదాన్ని కాటుక రేకుల పొడ అని తెలుగులోనే పేర్కొన్నాడు. మనం రక్తపింజర అంటాం. లోకమంతా దానికి ఇప్పుడు రస్సెల్ పేరే పెట్టుకుంది. జీడితోటలో ఆ పాము కాటేస్తే ఆ విషం నెత్తుటినీ కిడ్నీలనీ దెబ్బతీస్తుంది, అందుకే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి చేర్చాలి. ఆ పాము ఒంటిమీది మచ్చల వరస, కోర అమరిక సరిగ్గా గీయడం ఎంత ప్రాణావసరమో దీన్నిబట్టి తెలుస్తుంది. అంత పనిచేసిన మన చిత్రకారుడి పేరు లోకానికి దక్కలేదు. ఆ ఖరీదైన పుస్తకాలు మన పల్లెల ముఖం చూడలేదు.

ఇప్పుడు మా పూండి ఉన్న ఉద్దానం ప్రాంతానికి వద్దాం. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. ఈ మండలాల్లో కిడ్నీ జబ్బు లేని ఊరు చెప్పడం కష్టం. షుగరు లేదు, ముందునుంచీ బీపీ లేదు, అయినా కష్టజీవులైన రైతులకీ కూలీలకీ కిడ్నీలు క్షీణిస్తున్నాయి. శ్రీలంకలో ఉత్తర మధ్య ప్రాంతంలో, మధ్య అమెరికాలో ఎల్ సాల్వడోర్, నికరాగువా చెరుకు తోటల కూలీల్లో ఇలాంటి జబ్బే ఉంది. నీళ్ళా, పురుగుమందులా, ఎండలో ఒళ్ళు ఆరిపోయేదాకా పనిచెయ్యడమా, నొప్పి మాత్రలా, వంశపారంపర్యమా, లేక ఇవన్నీ కలిసా అని శాస్త్రజ్ఞులు శోధిస్తూనే ఉన్నారు. ఇదీ అని ఒక్క కారణం తేలలేదు.

తేలిన సంగతి ఒకటుంది. సూదితో కిడ్నీలోంచి దారమంత ముక్క తీసి, రంగు అద్ది, సూక్ష్మదర్శినిలో చూస్తే, ఇలాంటి జబ్బులో ముందుగా దెబ్బతినేది గొట్టాలూ వాటి చుట్టూ ఉన్న కణజాలమూ. వడపోత గుత్తులు తరవాత పాడవుతాయి. అందుకే మొదట్లో మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు, ముఖం కాళ్ళు వాయవు, మనిషికి ఏమీ తెలియదు. తెలిసేసరికి స్కానింగులో కిడ్నీ చిన్నదైపోయి కనిపిస్తుంది. బెల్లీని గీసిన గొట్టాల బొమ్మ మనసులో ఉన్నవాడికి ఈ మాట ఇట్టే అర్థమవుతుంది. ఆ బొమ్మ చూడనివాడికి, నొప్పి లేకుండా జబ్బేమిటి అన్న సందేహం వస్తుంది, పరీక్షకి వెళ్ళడు. మన ఊళ్ళలో ప్రాణాలు తీస్తున్న జాప్యంలో ఇదొక భాగం.

నేను చెప్పదలచుకున్నది ఇదీ. మన ఊళ్ళు ఇరవై ఏళ్ళుగా శాస్త్రానికి తమ ఒళ్ళు చూపిస్తున్నాయి. ఆంధ్ర మెడికల్ కాలేజీ వచ్చింది, నిమ్స్ వచ్చింది, భారత వైద్య పరిశోధన మండలి వచ్చింది, విదేశీ బృందాలు వచ్చాయి. మనవాళ్ళు అడిగినప్పుడల్లా నెత్తురిచ్చారు, మూత్రమిచ్చారు, బావినీళ్ళిచ్చారు, మట్టి ఇచ్చారు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి తాగునీరు తెచ్చారు. ఇవి పెద్ద పనులు, చేసినవాళ్ళకి కృతజ్ఞతలు. అయితే ఆ ఫలితాలు ఇంగ్లీషు పత్రికల్లో ఉన్నాయి. నమూనా ఇచ్చిన మనిషి ఇంటికి, అతని భాషలో, అతను చదువుకోగల బొమ్మగా రాలేదు. లియొనార్డో కాగితాలు పెట్టెలో ఉన్నంతకాలం ఏ రోగికీ పనికిరాలేదు. యూస్టాకి రేకులు ఒక ఇంట్లో మగ్గినంతకాలం ఎవరికీ దారి చూపలేదు. వెసేలియస్ బొమ్మలు వైద్యాన్ని మార్చడానికి వాటి అందం ఒక్కటే కారణం కాదు. అవి అచ్చయ్యాయి, చేతులు మారాయి, జనం భాషలోకి వచ్చాయి. ఒంటిని ఇచ్చినవాడికి ఆ ఒంటి గురించి తెలుసుకునే హక్కుంది. ఆనాటి శవాలు ఉరికంబం నుంచో, అనాథ మంచాల నుంచో వచ్చాయి. వాళ్ళనెవరూ అనుమతి అడగలేదు, వాళ్ళకెవరూ తిరిగి చెప్పలేదు. మనం ఆ రోజుల్లో లేము.

ఈ పని చెయ్యగలవాళ్ళు మన జిల్లాలోనే ఉన్నారు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద కిడ్నీ నిలువుకోత బొమ్మ, తెలుగు పేర్లతో, గొట్టాలు ఎక్కడ పాడవుతాయో ఎర్రగా గుర్తుపెట్టి వెయ్యవచ్చు. దుకాణాలకి బోర్డులు రాసే మన పెయింటర్లకి ఒక డాక్టరు పక్కన నిలబడి చెప్తే చాలు, వైద్యుడూ చిత్రకారుడూ కలిసి చేసిన పనే మళ్ళీ జరుగుతుంది. బడుల్లో ఉపాధ్యాయులు వెసేలియస్ విద్యార్థుల్లా పొరలు పొరలుగా కాగితపు కిడ్నీ చేయించవచ్చు. పదో తరగతి పిల్ల ఆ కాగితం ఇంటికి తీసుకెళ్ళి వాళ్ళ నాన్నకి చూపిస్తే, ఉపన్యాసం కన్నా బాగా పనిచేస్తుంది.

ఇక ఇంట్లో మీరు చెయ్యగలిగింది. కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకున్న ప్రతిసారీ కాగితం పారెయ్యకండి. తేదీ వరసన ఒక ఫైలులో పెట్టండి. గళ్ళ కాగితం మీద అడ్డంగా తేదీలు, నిలువుగా అంకెలు వేసి చుక్కలు కలపమని ఇంట్లో చదువుకున్న పిల్లలకి చెప్పండి. ఆ గీత పైకి ఎక్కుతోందా, నిలకడగా ఉందా అన్నది డాక్టరుకి ఒక్క చూపులో తెలుస్తుంది. ఒంటినొప్పులకి దుకాణంలో అడిగి మాత్రలు మింగొద్దు, వాటిలో చాలా రకాలు కిడ్నీకి చేటు. ఎండలో పనిచేసేటప్పుడు నీళ్ళు తాగండి, బీపీ చూపించుకోండి, బాధ లేదని పరీక్ష వాయిదా వెయ్యకండి.

పరిశోధకులకీ అధికారులకీ ఒక్క విన్నపం. మా ఊళ్ళ నుంచి తీసుకున్న ప్రతి నమూనాకీ ఫలితం తెలుగులో, బొమ్మతో, ఆ ఇంటికి చేర్చండి. కుడి కిడ్నీ ఎక్కడుందో దిద్దడానికి లోకానికి 1400 ఏళ్ళు పట్టింది. ఉద్దానం అంతకాలం ఆగలేదు.